పరదేశపు విడాకులు



పెండ్లి యొక్క దినమున జరుగును. దానిని విడదీయుటకు మాత్రము దేశదేశమునకు వేఱు వేఱు కట్టుబాట్లు గలవు. మన పిల్లలు నేడు అమెరికాయందును, కెనడాయందును, ఇంగ్లండునందును కాపురములు చేయుచున్నారు. కొందఱు అక్కడనే పెండ్లియాడుచున్నారు. అట్టి కాపురము చెడినప్పుడు ఏ దేశపు తీర్పు ఎచ్చట చెల్లునో తెలియనిచో, ఒక యాడుది ఒక దేశమున భార్యగను, వేఱొక దేశమున భార్య కానిదిగను నిలువవలసి వచ్చును. ఇది వకీళ్లకే విడిచిపెట్టదగిన సంగతి కాదని మా యభిప్రాయము.

మొదట తెలిసికొనవలసిన దిది: పెండ్లి జరిగిన చోటనే విడాకులు దొరకునను నియమము లేదు. పెక్కు దేశముల కోర్టులు నివాసమును జూచును గాని పెండ్లిపందిరిని జూడవు. అమెరికాలో రాష్ట్రమున కొక లెక్క. నెవాడాలో 6 వారములు, మిస్సోరీలో 90 దినములు, టెక్సాసులో 6 మాసములు నివసించిన వారు దావా వేయవచ్చును. కెనడాలో దంపతులలో నొకరైనను సంవత్సరకాలము నివసించి యుండవలెను. అందుచేత అక్కడికి పోయి పెండ్లి మాత్రము చేసికొని వచ్చినవారు కొందఱు చిక్కున బడిరి. స్వదేశము తమ పెండ్లినే యొప్పుకొననందున ఇచ్చటను విడాకులు లేవు, అచ్చటను లేవు. అట్టివారి కొఱకు కెనడా 2013లో ప్రత్యేకముగా చట్టము చేసినది.

కొలదిదినముల నివాసముతో దొరకు విడాకులు ఒకరికి సులువైనచో మఱియొకరికి ముప్పు కావచ్చును. మన తెలుగునాటి దంపతుల వ్యాజ్యమే యిందులకు నిదర్శనము. 1975లో తిరుపతిలో పెండ్లి జరిగినది. భర్త 1980లో మిస్సోరీ కోర్టునుండి విడాకుల డిక్రీ పొంది, మరుసటి సంవత్సరము మఱల పెండ్లియాడెను. భార్య ఆ కోర్టునకు అధికారము లేదని వ్రాసి పంపినదే కాని యక్కడ వాదమునకు దిగలేదు. ఆమె చేసిన ఫిర్యాదుపై 1991లో సుప్రీంకోర్టు, ఆ డిక్రీ ఇచ్చట చెల్లదని తీర్పు చెప్పినది. కాపురము తిరిగి యతుకనంతగా చెడినదని డిక్రీలో చూపిన కారణము, వారు పెండ్లియాడిన హిందూ వివాహ చట్టమందు లేదు. ఆ కోర్టునకు వారిపై అధికారమును లేదు. డిక్రీ యొక్క ఫొటో ప్రతి సాక్ష్యమునకు చాలదనియు చెప్పినది.

అయితే భార్య తన యిష్టముతో ఆ కోర్టునకు లోబడి, మన చట్టమందున్న కారణముపై వాదించినచో తీర్పు చెల్లును. ఆమె సమ్మతించినను చెల్లును. కావున పరదేశపు కోర్టు నోటీసు వచ్చినప్పుడు భయపడి సంతకము చేయుటయు తగదు, పెట్టెలో పెట్టి మఱచుటయు తగదు. ఊరకున్నచో అక్కడ ఏకపక్షముగా తీర్పు కావచ్చును. వెంటనే తెలిసిన వకీలుచేత ప్రత్యుత్తరము వ్రాయింపవలెను. ఆమెయు అక్కడనే స్థిరముగా నివసించుచున్నచో, ఆ కోర్టుతో నాకు పనిలేదనుట పొసగదు.

ఇచ్చటను త్రోవ గలదు. హిందూ వివాహ చట్టమునకు 2003లో జరిగిన సవరణచేత భార్య తాను నివసించు చోటి కోర్టులోనే దావా వేయవచ్చును. విదేశమున జరిగిన పెండ్లిండ్లకు 1969 నాటి విదేశ వివాహ చట్టము గలదు. దాని ప్రకారము, పెండ్లికి ముందు భారతదేశమే స్వస్థానముగా గల భార్య తిరిగివచ్చి 3 సంవత్సరములు ఇచ్చట నివసించినచో విడాకులు కోరవచ్చును.

తల్లులకు మేము చెప్పునది యొక్కటి. కాళిదాసుని శకుంతలకు ఉంగరము పోయినందున నిండుసభలో పెండ్లిమాటయే పోయినది. మీ కుమార్తె పెండ్లి రిజిస్టరు చేయించి, ఆ సర్టిఫికెటును, శుభలేఖను, అల్లుని పాస్‌పోర్టు నకలును, విదేశపు చిరునామాను పుట్టింటను ఒక ప్రతి దాచియుంచుడు. నగలు లెక్కవ్రాసి యిచ్చు మనము కాగితములు లెక్కింపకుండుట న్యాయమా? కాపురము చల్లగా నున్నచో ఆ కాగితములు పెట్టెలోనే పాతబడును. ఆ పాతబడుటయే మన కోరిక.