లెక్కలంటే భయమా?.. మార్కుల కంటే ముందు దెబ్బతినేది ఇదే!

‘లెక్కలు నావల్ల కాదు’.. చాలా ఇళ్లల్లో వినిపించే మాటే. అసలు నష్టం అక్కడే మొదలవుతోంది. పిసా-2012 సర్వేలో ఓఈసీడీ దేశాల 15 ఏళ్ల విద్యార్థుల్లో 59 శాతం మంది గణితం క్లాసు కష్టంగా ఉంటుందేమోనని తరచూ ఆందోళన పడుతున్నట్లు చెప్పారు. హోంవర్క్ అంటేనే బాగా టెన్షన్ అన్నవారు 33 శాతం.

భయపడే విద్యార్థి ఏం చేస్తాడు? హోంవర్క్ చివరికి నెట్టేస్తాడు.. డౌట్ అడగడు.. గైడ్ చూసి ఎక్కించేస్తాడు. ప్రాక్టీస్ తగ్గి మార్కులు పడిపోతాయి.. దాంతో భయం ఇంకా పెరుగుతుంది. పరీక్ష హాల్లో ఆ కంగారుకు వచ్చిన లెక్క కూడా తప్పుతుంది. చివరికి పదో తరగతి తర్వాత ఎంపీసీనా, బైపీసీనా అన్నది కూడా ఇష్టం కాదు, భయమే తేల్చేస్తుంది.

మరి తల్లిదండ్రులు ఏం చేయాలి? ‘మార్కులెందుకు తగ్గాయి’ అని కాదు.. ‘ఏ స్టెప్ దగ్గర ఆగిపోయావు’ అని అడగాలి. మార్పు అక్కడి నుంచే మొదలవుతుంది.