ఇది ఉత్త డేటా ఎంట్రీ కాదు!

జాబ్ పోర్టల్స్‌లో ‘కేటలాగ్ ఎగ్జిక్యూటివ్’, ‘ఈ-కామర్స్ ఆపరేషన్స్’ లాంటి పోస్టులు కనిపిస్తే మీలో చాలామంది ఆగకుండా కిందికి స్క్రోల్ చేసేస్తారు. ‘నాలుగేళ్లు బీటెక్ చదివింది ఎక్సెల్ షీట్లు నింపడానికా?’ అనే మాట పక్కింటివాళ్ల కంటే ముందు మనమే అనేసుకుంటాం. ఆ పోస్టులన్నీ గొప్పవని చెప్పను. కొన్నిచోట్ల అది నిజంగానే కాపీ, పేస్టు పని. కానీ అందులో ఒక ముఖ్యమైన పని ఉంది. ఆన్‌లైన్ స్టోర్‌లోకి ప్రొడక్టులనూ, వాటి సైజులు, రంగులు లాంటి ఆప్షన్లనూ ఒకే ఫైలుతో ఎక్కించడం, దించుకోవడం. బల్క్ ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ అంటారు. దాన్ని డేటా ఎంట్రీ అని కొట్టిపారేసేవాళ్లకు ఆ ఫైలు ఏం చేయగలదో తెలియదనే నా అభిప్రాయం.

ముందు లెక్క చూడండి. ఒక కుర్తీ డిజైన్ ఉంది. సైజులు ఐదు, రంగులు ఆరు. కొనేవాళ్లకు అది ఒక్క కుర్తీయే. స్టోర్‌కి మాత్రం 30 వేరియంట్లు. ప్రతిదానికీ ఎస్‌కేయూ అనే సొంత కోడు, ధర, స్టాకు ఉంటాయి. అలాంటి డిజైన్లు 200 ఉంటే 6,000 వరుసలు. ఒక్కోటి తెరిచి ధర మార్చి సేవ్ కొట్టడానికి అర నిమిషం వేసుకున్నా 50 గంటలు పడుతుంది. దసరా సేల్ రేపు పొద్దున మొదలంటే ఆ 50 గంటలు ఎవరి దగ్గరా ఉండవు. అందుకే సీఎస్‌వీ ఫైలు. ఎక్స్‌పోర్ట్ చేసి, ధర కాలమ్ మార్చి, మళ్లీ ఇంపోర్ట్ చేస్తే చాలా తొందరగా పనైపోతుంది. తప్పు జరిగితే అది కూడా అంతే తొందరగా 6,000 వరుసల్లోకీ వెళ్లిపోతుంది.

ఎలాగంటే, ఎక్సెల్‌లో ధర కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టండి. పక్క కాలమ్‌లను కూడా కలుపుకోమంటారా, ఇదొక్కటేనా అని ఒక చిన్న హెచ్చరిక వస్తుంది. హడావిడిలో ‘ఇదొక్కటే’ అన్నామా, ధరలన్నీ కదిలిపోతాయి. వాటి పక్కనున్న సైజులు, రంగులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. 1,899 రూపాయల సిల్క్ కుర్తీకి 349 పడుతుంది. ఫైలు చూడటానికి శుభ్రంగానే ఉంటుంది. ఇంపోర్ట్ కూడా సక్సెస్ అనే చెబుతుంది. ఆ గడిలో అంకె ఉందా లేదా అన్నదే స్టోర్ చూస్తుంది, అది ఏ కుర్తీ ధరో దానికి తెలియదు. పొద్దున్నే ఫోన్లు మొదలవుతాయి. ఆర్డర్ పెట్టినవాళ్లు సరకు పంపమంటారు, ఓనర్ ‘ఎవరు చేశారిది’ అంటాడు.

ఈ ఫైళ్ల కట్టు ఒక్కో ప్లాట్‌ఫామ్‌లో ఒక్కోలా ఉంటుంది. షాపిఫైలో వేరియంట్‌కో వరుస. ఒకే ప్రొడక్ట్‌కి చెందిన వరుసలన్నింటినీ ‘హ్యాండిల్’ అనే కాలమ్ కలిపి ఉంచుతుంది. పేరు, వివరణ మొదటి వరుసలో ఉంటే చాలు, కింది వరుసల్లో ఆ గడులు ఖాళీగా కనిపించినా కంగారు పడక్కర్లేదు. ఒక ప్రొడక్ట్‌కి ఆప్షన్లు మూడే. వూకామర్స్‌లో అయితే ‘వేరియబుల్’ అనే తల్లి వరుస ఒకటి, దాని కింద ‘వేరియేషన్’ అనే పిల్ల వరుసలు. తల్లి వరుసలో సైజులన్నీ కామాలతో రాస్తారు, పిల్ల వరుసలో ఒక్కటే సైజు, దాంతోపాటు ‘పేరెంట్’ కాలమ్‌లో తల్లి ఎస్‌కేయూ. అమెజాన్‌లో కూడా ఇదే పేరెంట్, చైల్డ్ పద్ధతి. అక్కడ పేరెంట్‌ని ఎవరూ కొనలేరు, అది పిల్లలను కట్టి ఉంచే దారం మాత్రమే.

అసలు కష్టం ఫైలు నింపడంలో కాదు, దేన్ని వేరియంట్‌గా పెట్టాలో తేల్చడంలో ఉంది. చీరలు అమ్మే స్టోర్ తీసుకోండి. ఒక చీర నాలుగు రంగుల్లో ఉంది. కొనేవాళ్లు ఫాల్, పికో చేయించి పంపమనొచ్చు, వద్దనొచ్చు. బ్లౌజు కుట్టించమంటే ఆరు సైజులు, కుట్టించొద్దు అనేది ఏడో ఎంపిక. అన్నీ వేరియంట్లుగా పెడితే 4 × 2 × 7 = 56 వరుసలు. ఇంపోర్ట్ ఏ ఎర్రరూ లేకుండా అయిపోతుంది. ఇప్పుడు మెరూన్ చీరలు గోడౌన్‌లో ఐదే ఉన్నాయనుకోండి. మెరూన్‌కి 14 వరుసలున్నాయి. ఐదు చీరలను 14 వరుసలకు ఎలా పంచుతారు? ప్రతి వరుసలో 5 అని రాస్తే స్టోర్ దృష్టిలో 70 చీరలున్నట్టు. ఆరో కస్టమర్ డబ్బు కట్టాక ‘సారీ, స్టాక్ లేదు’ అని మెసేజ్ పెట్టాల్సి వస్తుంది.

ఇక్కడ అరలో పెట్టి లెక్కపెట్టగలిగింది రంగును బట్టి చీరలనే. ఫాల్-పికో, బ్లౌజు కుట్టుకూలి సరకులు కావు, సేవలు. వాటిని ధర పెంచే అదనపు ఎంపికలుగానే పెట్టాలి. ఓపెన్‌కార్ట్‌లో ప్రతి ఆప్షన్‌కూ ఎంత ధర కలపాలి, స్టాకులోంచి తగ్గించాలా వద్దా అని విడివిడిగా చెప్పొచ్చు. మెజెంటోలో ‘కస్టమైజబుల్ ఆప్షన్స్’ ఉన్నాయి. షాపిఫై, వూకామర్స్‌లలో సాధారణంగా దీనికోసం ఒక యాప్ లేదా ప్లగిన్ వేసుకుంటారు. అలాంటప్పుడు మామూలు ప్రొడక్ట్ ఎక్స్‌పోర్ట్‌లో ఆ డేటా వస్తోందో లేదో ముందే చూసుకోవాలి. ఈ తేడా పట్టుకోవడానికి పెద్ద కోడింగ్ అక్కర్లేదు. ఇంట్లో అమ్మవాళ్లు చీర ఎలా కొంటారో తెలిసి, డీబీఎంఎస్ సబ్జెక్టు కాస్త గుర్తుంటే చాలు. ప్రైమరీ కీ, ఫారిన్ కీ అని ల్యాబ్ రికార్డులో రాసి సంతకం పెట్టించుకున్నది దీని గురించే. ఎస్‌కేయూ ఒక కీ. పేరెంట్ కాలమ్ ఫారిన్ కీ. కాలేజీలో ఎప్పుడూ ఉద్యోగి, డిపార్ట్‌మెంట్ ఉదాహరణే చెబుతారు కాబట్టి చీరల దగ్గర మనకది తట్టదు.

ఇక ఎక్సెల్ సంగతి. సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరవడమే చాలా గొడవలకు మొదలు. ఎండుమిర్చి హెచ్‌ఎస్‌ఎన్ కోడు 0904. ఎక్సెల్ దాన్ని 904 చేస్తుంది. 890తో మొదలయ్యే 13 అంకెల బార్‌కోడ్‌ను 8.9తో మొదలయ్యే కుదించిన అంకెగా చూపిస్తుంది. ఆ రూపంలోనే సీఎస్‌వీగా సేవ్ చేస్తే చివరి అంకెలు పోయినట్టే. పిల్లల బట్టల్లో ‘2-3’ అంటే రెండు నుంచి మూడేళ్ల సైజు, మన సెట్టింగ్స్‌లో ఎక్సెల్‌కి మాత్రం అది మార్చి 2. ‘11-12’ డిసెంబరు 11 అవుతుంది. ‘13-14’ మాత్రం అలాగే మిగిలిపోతుంది, పద్నాలుగో నెల లేదు కదా! ఇలా సగం పాడై, సగం బాగుంటే పట్టుకోవడం ఇంకా కష్టం. గోంగూర పచ్చడి పేరు తెలుగులో రాసి మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే ప్రశ్నార్థకాలు మిగులుతాయి, ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ ఎంచుకోవాలి. పైథాన్ వచ్చినవాళ్లకు కూడా ఇది తప్పదు. పాండాస్ కూడా ముందున్న సున్నాను తీసేస్తుంది, అన్నింటినీ టెక్స్ట్‌గానే చదవమని మనం చెప్పకపోతే. ఇవి మరీ చిన్న విషయాలు అనిపిస్తే ఒకటి చెప్తాను. మనిషి జన్యువుల్లో ‘మార్చ్1’, ‘సెప్ట్1’ లాంటి పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని, జన్యువులకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీ 2020లో ఏకంగా ఆ పేర్లనే మార్చేసింది. ఎక్సెల్‌తో వాదించి గెలవలేమని శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారన్నమాట.

స్పెల్లింగ్ కూడా తక్కువదేం కాదు. ఒకచోట ‘ఎక్స్‌ఎక్స్‌ఎల్’, ఇంకోచోట ‘2ఎక్స్‌ఎల్’, మరోచోట చివర కంటికి కనిపించని స్పేస్. సైటులో సైజు ఫిల్టర్ తెరిస్తే ఒకే సైజు రెండు మూడు పేర్లతో కనిపిస్తుంది. వాటిని సరిచేద్దామని ఫైలులో ఆప్షన్ పేర్లు మార్చి షాపిఫైలో ఎక్కిస్తే ఇంకో చిక్కు. ఆప్షన్ విలువ మారితే పాత వేరియంట్ ఐడీ పోయి కొత్తది పుడుతుంది. ఆ ఐడీని నమ్ముకున్న బిల్లింగ్, గోడౌన్ సాఫ్ట్‌వేర్లకు లింకు తెగుతుంది. ‘ఓవర్‌రైట్’ టిక్ పెట్టి ఇంపోర్ట్ చేసేటప్పుడు ఫైలులో కాలమ్ ఉండి గడి ఖాళీగా ఉంటే స్టోర్‌లో ఉన్న పాత వివరం చెరిగిపోవచ్చు. తప్పనిసరి కాని కాలమ్‌ను ఫైలులో పెట్టకపోతే దాని వివరం అలాగే ఉంటుంది. వూకామర్స్‌లో ‘అప్‌డేట్ ఎగ్జిస్టింగ్’ టిక్ పెడితే ఐడీ లేదా ఎస్‌కేయూ కలిసినవాటినే మారుస్తుంది, కొత్త ప్రొడక్టులను వదిలేస్తుంది. ఇంపోర్ట్ అయింది కదా, కొత్త స్టాకు ఏది అని వెతుక్కునేవాళ్లు సగం మంది ఈ టిక్ దగ్గరే ఇరుక్కుంటారు.

అందుకని ఈ పని తెలిసినవాళ్లు ఇంపోర్ట్ బటన్ జోలికి వెళ్లే ముందు మొత్తం స్టోర్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి, తేదీ వేసి దాచుకుంటారు. మార్చాల్సిన కాలమ్‌లు, కీ, ఆ ప్లాట్‌ఫామ్ తప్పనిసరి అనేవి తప్ప మిగతావి తీసేస్తారు. పది వరుసలతో ఒకసారి ప్రయత్నించి, సైటులో కస్టమర్‌లా చూసి, అప్పుడు మొత్తం పంపుతారు. ఆఖరున ఎన్ని వరుసలు పంపాం, ఎన్ని చేరాయి, ఎన్ని తప్పిపోయాయి అని లెక్క సరిచూస్తారు. 2020 అక్టోబరులో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కొవిడ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాకుండా పోయి, ఆలస్యంగా బయటపడ్డాయి. షీటుకు 65,536 వరుసలే పట్టే పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి డేటా ఎక్కించడమే దానికి కారణమని బయటికొచ్చింది. మిగిలిన వరుసలు చప్పుడు లేకుండా రాలిపోయాయి. అక్కడ సమస్య పెద్దది. మన స్టోర్‌లో రాలిపోయేది ఒక చిన్న వ్యాపారి పండగ సీజన్.

‘ఇదంతా ఇప్పుడు ఏఐ చేసేస్తుంది కదా’ అని మీరు అడగొచ్చు. కాలమ్‌లు నింపడం, వివరణ రాయడం చేస్తుంది. చీరకు ఫాల్-పికో వేరియంటా, సేవా అన్నది షాపు నడిచే తీరు తెలిసినవాళ్లు చెప్పాలి. వచ్చిన ఫైలును సరిచూడటం కూడా మనిషి పనే. ఇంకోమాట. డేటా ఎంట్రీ అనే పేరు చెడిపోవడానికి ‘ఇంట్లో కూర్చుని సంపాదించండి, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి’ అనే మోసాలు కూడా ఒక కారణం. ఉద్యోగం ఇచ్చేవాడు మిమ్మల్ని డబ్బు అడగడు. అడిగితే ఆ ఫోన్ పెట్టేయండి.

ఈ పోస్టులోనే పదేళ్లు కూర్చోమని ఎవరికీ చెప్పను. ప్రతి వారం చేతితో చేసే ఇంపోర్ట్‌ను స్క్రిప్టుగా మార్చినవాళ్లకు డేటా, ఇంటిగ్రేషన్ పనుల వైపు దారి ఉంది. మార్చకుండా అదే షీటు నింపుతూ పోతే మాత్రం పక్కింటివాళ్ల మాటే నిజమవుతుంది.

నేర్చుకోవడానికి కోర్సు ఫీజు అక్కర్లేదు. వర్డ్‌ప్రెస్, వూకామర్స్ రెండూ ఉచితం, మీ ల్యాప్‌టాప్‌లోనే లోకల్‌గా వేసుకోవచ్చు. ప్లగిన్ ఫోల్డర్‌లో ‘శాంపిల్-డేటా’ అని ఉంటుంది, అందులో ప్రొడక్టుల సీఎస్‌వీ దొరుకుతుంది. ఇంపోర్ట్ చేసి, అందులోని హుడీ వరుసల దగ్గర మొదలుపెట్టండి. దానికి రంగు, లోగో అని రెండు ఆప్షన్లున్నాయి. ఇంకో రంగు చేర్చండి, ధరలు మార్చండి, అప్‌డేట్ టిక్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి ఎక్కించి ఏం తేడా వచ్చిందో రాసుకోండి. ముందు ఫైలు, తర్వాతి ఫైలు, అర పేజీ నోట్సు కలిపి గిట్‌హబ్‌లో పెట్టి, ఆ లింకు రెజ్యూమెలో ఇవ్వండి. ఇంటర్వ్యూలో ‘ఎక్సెల్ వచ్చా?’ అని అడిగితే, ఆ హుడీకి ఎన్ని వరుసలో, ఎందుకు అన్నో అక్కడి నుంచే చెప్పడం మొదలుపెట్టొచ్చు.