మెయిన్ వేయనన్నవాడే మంచి ఎలక్ట్రీషియన్

బెజవాడలో అద్దెకి పోర్షన్ చూడ్డానికి వెళ్తే మనం ఏం అడుగుతాం? నెట్ వస్తుందా, బైక్ పెట్టుకోవచ్చా, నీళ్లు ఎన్ని గంటలకి వదుల్తారు... అంతే కదా. మెయిన్ బోర్డు మూత తీసి లోపల ఏముందో చూసేవాళ్లు ఎంతమంది? ఈ ఆదివారం ఓసారి చూడండి.

వరసగా కనిపించే చిన్న స్విచ్చులు ఎంసీబీలు. "మాకు ఎంసీబీ ఉందిగా, షాక్ భయం లేదు" అని చాలామంది ధీమా. కానీ ఎంసీబీ కాపాడేది వైర్‌ని, మనిషిని కాదు. 16 ఆంప్స్ ఎంసీబీ అంతకు మించి లోడ్ పడితేనే ట్రిప్ అవుతుంది. మన ప్రాణం పోవడానికి అందులో వందో వంతు చాలు. మనల్ని కాపాడేది ఆర్‌సీసీబీ. ఇంట్లోకి వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు లెక్క సరిపోతోందా అని చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంప్స్ తేడా వస్తే రెప్పపాటులో లైన్ కట్ చేసేస్తుంది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నొక్కితే పడిపోవాలి. పడలేదంటే, అది ఉన్నా లేనట్టే.

ఇదంతా నాకు బుర్రకెక్కింది 2024 సెప్టెంబర్‌లో, బుడమేరు ముంచినప్పుడు. సింగ్ నగర్‌లో మా పిన్ని వాళ్లిల్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. నీళ్లు తీశాక బురద కడుక్కుని, అందరిదీ ఒకటే కోరిక... ఫ్యాన్ తిరగాలి, ఫోన్ చార్జింగ్ ఎక్కాలి. ఎలక్ట్రీషియన్ వచ్చి ఒక స్విచ్ బోర్డు విప్పాడు. లోపల బుడమేరు మట్టి. "ఇవాళ మెయిన్ వేయనమ్మా" అన్నాడు.

పిన్నికి ఒళ్లు మండింది. "పక్కింట్లో ఫ్యాన్ తిరుగుతోందయ్యా!"

"పక్కిల్లు నేను చూళ్లేదు. మీ ఇల్లు చూశాను కదమ్మా."

తడిసిన బోర్డులన్నీ విప్పి ఆరబెట్టాడు. మునిగిన స్విచ్చులు, ఎంసీబీలు మార్చాల్సిందే అన్నాడు. తర్వాత మెగ్గర్ పెట్టి వైర్ల ఇన్సులేషన్ కొలిచాడు. ఒక్క లైన్‌లో లీకేజీ తేలింది... బాత్‌రూమ్ గీజర్‌ది. ఆ సాయంత్రమే మెయిన్ వేసుంటే ఏమయ్యేదో మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. పిన్ని మాత్రం అతనికి రెండోసారి టీ పెట్టింది.

అందుకే ఎలక్ట్రీషియన్‌ని పిలిచేటప్పుడు "పాయింట్‌కి ఎంత?" ఒక్కటే అడిగి ఆగిపోకండి. వైర్‌మన్ పర్మిట్ ఉందా అని అడగండి. అడిగితే ఏమనుకుంటాడో అని మొహమాటం వద్దు, ఉన్నవాడు సంతోషంగా చూపిస్తాడు. ఏసీకి, గీజర్‌కి ఏ సైజు వైర్ వేస్తారో కనుక్కోండి. మామూలుగా లైట్లకి 1.5, పవర్ ప్లగ్గులకి 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైర్ వాడతారు. దూరం, లోడ్ బట్టి ఇంకా పెరగొచ్చు. లైట్ల వైర్ మీద ఏసీ ఎక్కిస్తానంటే, ఎంత చవకైనా వద్దనండి. ఐఎస్ఐ మార్కు చూసి మెటీరియల్ కొనండి, బిల్లు దాచుకోండి.

ఎర్తింగ్ సంగతి మరీ ముఖ్యం. మూడు పిన్నుల ప్లగ్ ఉన్నంత మాత్రాన మూడో వైర్ ఉన్నట్టు కాదు. చాలా పాత ఇళ్లలో ఆ కన్నం ఖాళీనే. ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమంటే "వానాకాలం కదా" అని సరిపెట్టుకోకండి. అద్దె ఇల్లయితే ఓనర్ గారికి వాట్సాప్‌లో రాతపూర్వకంగా పెట్టండి. నోటిమాట మర్చిపోతారు, మెసేజ్ ఉండిపోతుంది.

ఇక పని జరిగేటప్పుడు మన డ్యూటీ ఒకటుంది. మెయిన్ ఆపితే సరిపోదు, ఇన్వర్టర్ కూడా ఆపాలి. లేకపోతే మెయిన్ ఆఫ్‌లో ఉన్నా ఆ లైన్లలో 230 వోల్టులు ఉంటాయి. "కరెంటు పోయిందేంటి" అని ఎవరో వచ్చి మెయిన్ వేసేయకుండా బోర్డు దగ్గర ఒకరు నిలబడండి. నిచ్చెన మీదున్నవాడికీ ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు ఉంటారు.

పని అయ్యాక డబ్బులిచ్చే ముందు ఒక్క మాట అనండి: "అన్నా, ఆ టెస్ట్ బటన్ ఓసారి నొక్కి చూపించవా?"