బిడ్డ ఎవరిది? తోట ఎవరిది?

బంగారుపాళ్యం పేరు వినగానే చిత్తూరు సీమవారికి తోతాపురి మామిడి తలపునకు వస్తుంది. ఆ తోటల నడుమ ఒక సంసారాన్ని ఊహించుకొనవచ్చును. పెండ్లినాటికి అది మెట్టచేను. ఆలుమగలిద్దరూ గుంటలు త్రవ్వి, మొక్కలు నాటి, కడవలతో నీళ్ళు మోసి పెంచినారు. చెట్లు కాపునకు వచ్చే వేళకు మనసులు విరిగినవి. పట్టా భర్త పేర ఉన్నది. ఏడేండ్ల కూతురు ఊరిబడిలో రెండవ తరగతి చదువుతున్నది. ఇప్పుడు న్యాయస్థానం ముందు రెండు ప్రశ్నలు నిలిచినవి: బిడ్డ ఎవరిది? తోట ఎవరిది?

మన చట్టం మొదటి ప్రశ్నను కరుణతో చూస్తుంది. రెండవదానిని కాగితం చూచి తేల్చుతుంది. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

కుటుంబ తగవులకు వేరే న్యాయస్థానం కావలెనని మన దేశంలో తొలుత గట్టిగా చెప్పినది తెలుగు ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1953లో చైనా చూచి వచ్చిన పిమ్మట ఆమె ఈ విషయమై న్యాయమూర్తులు ఛాగ్లా, గజేంద్రగడ్కర్‌లతోను, ప్రధాని నెహ్రూతోను చర్చించినారు. చట్టం వచ్చినది మాత్రం 1984లో. అప్పటికి ఆమె కన్నుమూసి మూడేండ్లయినది. ఆ చట్టం ప్రకారం 10 లక్షల జనాభా మించిన నగరాలలో కుటుంబ న్యాయస్థానం తప్పక ఉండవలెను. న్యాయమూర్తి మొదట రాజీకి యత్నించవలెను. కక్షిదారు కోరినచో తలుపులు మూసి విచారించవలెను. వకీలును పెట్టుకొనుట హక్కుగా అడుగరాదు. వాదప్రతివాదాల వేడి తగ్గించుటే దీని ఉద్దేశం.

బిడ్డ విషయంలో చట్టం నడిచిన దారి మెచ్చదగినది. 1956నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం బిడ్డ క్షేమమే సర్వోపరి అన్నది. అయిదేండ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి వద్దనే ఉండవలెనన్నది. బిడ్డ తెలిసి చెప్పగల వయసుదైతే ఆ ఇష్టాన్నీ గమనింపవచ్చునని 1890నాటి చట్టమే చెప్పినది. 1999లో గీతా హరిహరన్ వ్యాజ్యంలో, తండ్రి బ్రతికి ఉండగానే తల్లి కూడా సహజ సంరక్షకురాలు కాగలదని సుప్రీంకోర్టు తేల్చినది.

జాతకకథలలో మహౌషధుడు గీత గీసి, బిడ్డను చెరొక వైపు లాగుమన్నాడు. కన్నతల్లి బిడ్డ ఏడ్పు సహింపలేక చేయి వదలినది. నేటి న్యాయమూర్తికి ఆ ఉపాయం పనికిరాదు. లాగే చేతులు రెండూ కన్నవారివే. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరిగినట్లు, గెలుపు ఎవరిదైనా గాయం బిడ్డదే.

ఇక తోట సంగతి. హిందూ వివాహ చట్టంలోని 27వ సెక్షను పెండ్లి సమయాన ఇచ్చిన, ఇద్దరికీ ఉమ్మడిగా చెందగల వస్తువుల గురించి మాత్రమే చెప్పుతున్నది. స్త్రీధనం స్త్రీదేనని 1985లో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. అయితే కాపురం చేసిన కాలంలో ఇద్దరి కష్టంతో పెరిగిన ఆస్తి మాటేమిటి? దానిని పంచుటకు మన చట్టంలో సూత్రం లేదు. పట్టా ఎవరి పేరనో, తోట వారిదే. నీళ్ళు మోసిన చేతులకు మనోవర్తి అడుగుకొనే హక్కు మిగులుతుంది. తన కష్టంలో వాటా వేరు, ఎదుటివాని సంపాదనలో మనోవర్తి వేరు.

తెలుగునేల 1985లోనే కూతురికి ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకుతో సమానమైన హక్కు నిచ్చినది. దేశమంతటికీ అది 2005లో గాని రాలేదు. కూతురిని తలచిన నేల కోడలిని మరచుట న్యాయమా? గోవాలో పోర్చుగీసు కాలపు చట్టం ఆలుమగల ఆస్తిని ఉమ్మడిగా భావిస్తున్నది. 2023లో మద్రాసు హైకోర్టు ఒక వ్యాజ్యంలో, ఇల్లు చక్కబెట్టిన భార్య శ్రమ కూడా ఆస్తి సంపాదనలో భాగమేనని గుర్తించి సగపాలు ఇచ్చినది. ఒక్క తీర్పుతో చట్టం మారదు గాని, దారి కనబడుతున్నది.

చిన్న కమతాన్ని చీల్చితే ఇద్దరూ చెడుతారని, తోటపై అప్పులు, వృద్ధులైన తల్లిదండ్రుల పోషణ కూడా ఉంటాయని కొందరంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే చెట్లను పంచనక్కరలేదు, ఫలసాయాన్ని పంచవచ్చును. 2025లో తోతాపురి ధర పడిపోయి రైతులు తల్లడిల్లినారు. అటువంటి ఏడు నెలనెలా ఇంతని కట్టడి చేసిన మనోవర్తి రైతు మెడకు ఉరి అవుతుంది. ధర పలికిన ఏడు అదే మొత్తం బిడ్డకు చాలదు. బిడ్డ పెద్దదయ్యేవరకు పంటలో వాటా అనుకొన్నచో లాభనష్టాలు ఇద్దరివీ అవుతవి. రాజీ కుదిర్చే చోట కుటుంబ న్యాయస్థానం ఈ మార్గం చూపవచ్చును. ఆలుమగలు కూడబెట్టిన ఆస్తికి శాసనసభలు సూత్రం ఏర్పరచవలెను.

ఏలయనగా ఆ రెండు ప్రశ్నలూ నిజానికి ఒక్కటే. బిడ్డను తల్లికిచ్చి తోటను తండ్రికిచ్చిన తీర్పు, బిడ్డకు ఒడి నిచ్చి అన్నం తీసికొన్నది. పలక, పుస్తకం, జబ్బు చేసిన రాత్రి మందు, ఇవన్నీ ఆ తోటనుండి రావలసినవే. ఆస్తి మాట ఎత్తని క్షేమం మాటలుగానే మిగులుతుంది.

న్యాయస్థానం కంటె ముందుగా ఈ బిడ్డను చూచేది బడి. హాజరు తగ్గుట, లెక్క తప్పుట, వెనుక బల్లపై ఒంటరిగా కూర్చొనుట ఉపాధ్యాయుని కంటనే మొదట పడతవి. ‘నీకు అమ్మ ఇష్టమా, నాయన ఇష్టమా?’ అని ఆ బిడ్డను అడుగకుండుటే గురువు చేయగల తొలి మేలు. ఆ ప్రశ్న అడుగవలసి వచ్చినచో న్యాయమూర్తి తన గదిలో మెల్లగా అడుగుతాడు. బడిలో ఆమె ఎవరి పక్షమూ కాదు. రెండవ తరగతి పిల్ల మాత్రమే.