గోడకు గుర్తుండదు

వీధిరాతలను చెరిపేవారికి చట్టం అండ ఉంది. వాటిని దాచేవారికి ఉన్నదల్లా ఓ కెమెరా, కాస్త ఓపిక.

గోడలకు చెవులుంటాయని తెలుగువారు తరతరాలుగా హెచ్చరించుకుంటున్నారు. గోడలకు జ్ఞాపకశక్తి ఉంటుందని మాత్రం ఎవరూ అనలేదు. అనకపోవడమే సబబు. ఓ బకెట్ సున్నం, ఓ పొడుగాటి కుంచె, పావుగంట తీరిక ఉంటే చాలు, నిన్నటిదాకా వీధి వీధంతా చదివిన నినాదం ఇవాళ మాయం. రాసినవాడు పేరు చెప్పుకోడు. చెరిపినవాడికి అది గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం లేదు. ఇక మిగిలేది దారినపోయే ఎవరో మధ్యలో తీసిన ఫోటో. అందుకే గ్రాఫిటీ, వీధి సంస్కృతుల మీద మక్కువతో ఇంటర్నెట్‌లో ఒకచోట చేరి ఫోటోలు పోగేసేవారి పని పైకి కనిపించేంత తేలికపాటి కాలక్షేపమేమీ కాదు. రోజూ చెరిగిపోయే ఓ దస్తావేజుకు వారు నకళ్లు తీస్తున్నారు. ఆ నకళ్లలో వేటిని దాచాలి, వేటిని చూపాలి, ఎవరి పేరు బయటపెట్టకూడదు అన్నవే వారి ముందున్న అసలు ప్రశ్నలు.

అండమాన్‌లోని మిన్నీ బే లాంటి చోట ఈ ప్రశ్నలు మరింత పదునెక్కుతాయి. 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో, నౌకాదళ ఆస్పత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ ధన్వంతరి ఉన్న ప్రాంతం ఇది. దీవుల్లో ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన. వాన లేని రోజుల్లో ఉప్పుగాలి. గోడను మునిసిపాలిటీ చెరపకపోయినా ప్రకృతి వదలదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 13 శాతానికి పైగా జనం మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత దానిది నాలుగో స్థానం. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటిన కుటుంబాలు వీటిలో ఎన్నో. ఇన్ని భాషలు ఒకే వీధిలో ఎదురుపడే ఊళ్లో గోడ మీద ఏ భాషలో రాశారన్నది కూడా చరిత్రే. ఎవరు ఎవరితో మాట్లాడదలిచారో అది చెబుతుంది.

అలాంటి చోట కూర్చుని ఫోటోల సేకరణ నడపడం మొన్నమొన్నటిదాకా తలకు మించిన పని. చెన్నై నుంచి దాదాపు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యేదాకా దీవుల ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదే ఆధారపడింది. ఖరీదెక్కువ, వేగం తక్కువ. ఫోటో తీయడానికి క్షణం చాలు, పంపడానికే పూట పట్టేది. ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. అయితే కేబుల్ వచ్చినంత మాత్రాన జ్ఞాపకం దానంతటదే నిలవదు. దానికి మనుషులు కావాలి. ఆ సంగతిని అదే ఊళ్లోని ఓ కట్టడం వందేళ్ల కిందటే నిరూపించింది.

సెల్యులర్ జైలులో కాగితం, కలం దొరకని రాజకీయ ఖైదీకి గోడే పలక అయింది. 1911లో అక్కడికి చేరిన వినాయక్ దామోదర్ సావర్కర్ ముల్లుతో, మేకుతో గది గోడల మీద కవిత్వం గీసి, కంఠస్థం చేసుకున్నారు. వెల్ల వేస్తే గీతలు పోయాయి. నోటికొచ్చినవి పోలేదు. సావర్కర్ రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా ఈ ఉదంతం చెప్పే సూత్రం ఒక్కటే. రాసుకోవడానికి గోడ సరిపోతుంది, దాచుకోవడానికి మరోచోటు కావాలి. 1906లో ఏడు విభాగాలతో పూర్తయిన ఆ జైలులో నేడు నిలిచి ఉన్నవి మూడే. మిగతా నాలుగింటి గదుల్లో పేరులేని ఖైదీలు ఏం గీసుకున్నారో తెలుసుకుందామంటే గోడలే లేవు.

గీతల సంగతి సరే, ప్రభుత్వ లాంఛనాలతో పెట్టిన మాటలకూ భరోసా లేదు. అదే జైలు ప్రాంగణంలోని స్వాతంత్ర్య జ్యోతి వద్ద ఉన్న సావర్కర్ వాక్యాల ఫలకాన్ని 2004లో అప్పటి పెట్రోలియం మంత్రి మణిశంకర్ అయ్యర్ తీయించడం పార్లమెంటులో దుమారం రేపింది. కేంద్రంలో ప్రభుత్వం మారాక 2015లో ఆ ఫలకం తిరిగొచ్చింది. మంత్రి మారితే గోడ మీద మాట మారుతుందన్నమాట. అలాంటప్పుడు ఏ మాట ఏ తేదీదాకా ఉంది, ఎప్పుడు పోయింది అని రాసిపెట్టుకునే మూడో మనిషి అవసరం. రాసినవారికీ చెరిపినవారికీ తనవారంటూ ఉంటారు. ఈ మూడో మనిషి మాత్రం ఇద్దరివాడూ కాకూడదు.

ఆ మనిషి ప్రపంచానికి స్పష్టంగా కనిపించింది న్యూయార్క్‌లో. ఊరంతా 'టాకీ 183' అని సంతకం చేసుకుంటూ పోయిన కుర్రాడి గురించి 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ రాశాక ఆ సరదా అంటువ్యాధిలా పాకింది. సబ్‌వే రైళ్లు కదిలే గోడలయ్యాయి. మార్తా కూపర్, హెన్రీ షాల్‌ఫాంట్ తీసిన ఫోటోలు 1984లో 'సబ్‌వే ఆర్ట్' పుస్తకంగా వచ్చాయి. రంగులు పూసిన చివరి రైలును 1989 మేలో సర్వీసు నుంచి తప్పించారు. రైళ్లు శుభ్రమయ్యాయి, పుస్తకం మిగిలింది. ఆ రైళ్లను కంటితో చూడని దేశాల కుర్రకారు ఆ పేజీలు చూసే స్ప్రే డబ్బాలు పట్టారు.

తర్వాతి అడుగు ఇంటర్నెట్‌ది. అది ఇంకా పాకుతున్న 1994లో అమెరికాలోని అట్లాంటాలో సుసాన్ ఫారెల్ అనే విద్యార్థిని 'ఆర్ట్ క్రైమ్స్' పేరుతో గోడరాతల సేకరణ మొదలుపెట్టారు. తొలుత అట్లాంటా, ప్రాగ్ గోడలు. తర్వాత ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చిన ఫోటోలు నగరాల వారీగా చేరాయి. కళలు, నేరాలు అని రెండింటినీ పక్కపక్కనే నిలబెట్టిన ఆ పేరులోనే ఈ వ్యవహారం కిటుకంతా ఉంది. ఇది కళా, నేరమా తేల్చాకే దాద్దామనుకుంటే ఈలోగా దాచడానికేమీ మిగలదు. ముందు దాచాలి, తీర్పు తర్వాత.

ఇలా దాచిన ఫోటోలకు విలువెంతో అమెరికా కోర్టు ఒకటి డాలర్లలోనే లెక్కగట్టింది. న్యూయార్క్‌లో '5 పాయింట్జ్' అని పేరుపడిన పాత కర్మాగార భవనం గోడల మీది చిత్రాలను యజమాని 2013 నవంబర్‌లో రాత్రికి రాత్రి తెల్లరంగుతో కప్పించేశాడు. కళాకారులు కోర్టుకెళ్లారు. 45 చిత్రాలకు గుర్తింపు ఉందని అంగీకరించిన న్యాయమూర్తి 2018లో దాదాపు 67 లక్షల డాలర్ల పరిహారం విధించారు. 2020లో అప్పీలు కోర్టూ దాన్నే ఖాయం చేసింది. కళాకారులు సమర్పించిన ఆధారాల్లో ఆ చిత్రాల ఫోటోలు, పత్రికల కథనాలతోపాటు ఇంటర్నెట్‌లోని ప్రస్తావనలూ ఉన్నాయి. గోడ లేదు, బొమ్మ లేదు. సాక్ష్యం మాత్రం ఉంది.

భారత చట్టాలతో వేగడం ఇంకాస్త చిక్కైన పని. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫోటో తీసి ప్రచురించడానికి 1957 నాటి కాపీరైట్ చట్టం మినహాయింపు ఇచ్చింది. పెయింటింగ్‌కు ఆ మినహాయింపు లేదు. అంటే వీధిలోని విగ్రహం ఫోటోకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, దాని వెనక గోడ మీది బొమ్మకు చిత్రకారుడి మాట అడగాలి. ఇది పుస్తకాల్లో నిద్రపోయే నిబంధనేమీ కాదు. ముంబైలోని ఓ కుడ్యచిత్రాన్ని ప్రచారానికి వాడుకున్న బీమా సంస్థపై స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. సోషల్ మీడియాలోని ఆ పోస్టులను తొలగించాలని కోర్టు 2023లో ఆదేశించింది. ఫోటోలు పోగేసే నిర్వాహకుడు దీన్నుంచి నేర్చుకోవాల్సింది సులభమే. తెలిసిన చిత్రకారుడిని అడగాలి, పేరు వేయాలి. ఎవరైనా బొమ్మను వ్యాపారానికి ఎత్తుకుపోతుంటే ముందుగా ఆయన చెవిన వేయాలి.

పేరు చెప్పుకోనివారి విషయంలో ఇదంతా తలకిందులవుతుంది. అక్కడ పేరు వేయడమే ద్రోహం. ఫోన్‌తో తీసిన ఫోటోలో బొమ్మతోపాటు తీసిన చోటు, తేదీ, సమయం కూడా కంటికి కనిపించకుండా దాగి ఉండొచ్చు. పంపినవారు ఏమరుపాటున ఉన్నా నిర్వాహకుడు వాటిని తొలగించకపోతే పోలీసులకు చిరునామా చేతికిచ్చినట్లే. గోడ రాసినవారిది కావొచ్చు, పరాయివారిది కావొచ్చు. ఆ తగవు తీర్చడం ఫోటోలు దాచేవారి పని కాదు. మిన్నీ బే విషయంలో మరో జాగ్రత్తా తప్పదు. నౌకాదళ ప్రాంగణాల గోడల మీద ఎంత ముచ్చటైన బొమ్మ ఉన్నా కెమెరా జేబులోనే ఉండాలి. నిషిద్ధ స్థలాల విషయంలో 1923 నాటి అధికార రహస్యాల చట్టం కళాభిరుచిని పట్టించుకోదు.

ఇంకో తలనొప్పి బూతులు, కులదూషణలు, మతవిద్వేషాలు. గోడ ఎవరినీ వడకట్టదు. ఓ ఆడపిల్ల పేరు రాసి వెక్కిరించినా, ఓ కులాన్ని తిట్టినా అదీ గోడరాతే. అన్నిటినీ చూపడం స్వేచ్ఛ అనుకునే నిర్వాహకులున్నారు, అన్నిటినీ తుడిచేయడం శుభ్రత అనుకునేవారూ ఉన్నారు. రెండూ సులువైన దారులే. దాచడం వేరు, చూపడం వేరు అని గుర్తించినవారిది కష్టమైన దారి. ఓ ఊళ్లో ఓ వర్గాన్ని గోడకెక్కి తిట్టారన్నది రేపటి పరిశోధకుడికి కావాల్సిన సంగతే. దాన్ని ఇవాళ పదిమంది ముందు మళ్లీ తిట్టినట్లు ప్రదర్శించాల్సిన పనిలేదు. వ్యక్తి పేరున్న చోట ఆ పేరు కప్పాలి, తేదీ, ఊరు, విషయం నమోదు చేయాలి, ఫోటోను పక్కన పెట్టాలి. ఎందుకు పక్కన పెట్టారో నలుగురికీ తెలియాలి.

ఇవేవీ పరాయి ఊళ్ల గొడవలు కావని హైదరాబాద్ గోడలు చెబుతాయి. బహిరంగ స్థలాలను పాడుచేయడాన్ని, అసభ్య పోస్టర్లను అరికట్టేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టం చేసింది. అదే హైదరాబాద్‌లో 2016లో రాజ్‌భవన్‌కు చేరువలోని ఎం.ఎస్. మక్తా బస్తీకి స్టార్ట్ ఇండియా కళాకారులు తరలివచ్చారు. స్వాతి-విజయ్ దంపతులు వేసే తెలంగాణ పల్లె మనుషుల ముఖాల్లాంటివి బస్తీ ఇళ్ల గోడలకెక్కాయి. చూడటానికి, ఫోటోలు దిగడానికి జనం వచ్చారు. మంచిదే. అయితే అదే నగరంలో ఉస్మానియా యూనివర్సిటీ గోడల మీద తెలంగాణ ఉద్యమ కాలంలో విద్యార్థులు రాసిన నినాదాలకు అనుమతి పత్రాలేమీ లేవు. నగరం రంగులు పూయించిన గోడలు వందల ఫోన్లలో భద్రంగా ఉన్నాయి. నగరం చెరిపించిన గోడల బాధ్యత ఎవరిదీ కాదు.

చెరిపేవారి వాదననూ కొట్టిపారేయలేం. 2024 సెప్టెంబర్‌లో ఢిల్లీ యూనివర్సిటీ విద్యార్థి సంఘం ఎన్నికలు జరిగాక ఓట్ల లెక్కింపును హైకోర్టు నిలిపేసింది. అభ్యర్థులు పాడుచేసిన గోడలను శుభ్రం చేస్తేనే ఫలితాలు అంది. అవి వెలువడేసరికి నవంబర్ 25 అయింది. ఎవరింటి గోడ మీదో తన పేరు మూరెడు అక్షరాలతో రాయించుకునే నాయకుడికి, వేరే వేదిక దొరక్క ఒక్క వాక్యం రాసి పారిపోయే కుర్రాడికి సున్నం ఒకటే. చట్టానికి ఆ తేడా చూడటం కష్టం. ఫోటోల సంరక్షకుడికి మాత్రం ఆ తేడా చూడటమే వృత్తి. కనీసం ఇద్దరి ఫోటోలూ ఉంటే తేడా ఏమిటో తర్వాతివారు తేల్చుకుంటారు.

సేకరణ నడిపేవారికి సహజంగానే అందమైన బొమ్మల మీద మోజు. వాటికే మెచ్చుకోళ్లు ఎక్కువ. ఆ మోజుకు లొంగితే పదేళ్ల తర్వాత మిగిలేది టూరిజం శాఖ క్యాలెండర్. వంకర అక్షరాల నినాదం, సగం చెరిగిన ఉద్యోగ డిమాండు, అరువు భాషలో అచ్చుతప్పులతో రాసిన ప్రేమలేఖ అందులో ఉండవు. ఊరు ఏమనుకుందో చెప్పేవి మాత్రం అవే.

మిన్నీ బేలోనో, మరో చోటో ఎవరైనా ఈ పనికి పూనుకుంటే పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ప్రతి ఫోటోకు తేదీ, వీధి, భాష, అర్థం రాసి ఉంచాలి. అనామకుల ఆనవాళ్లు చెరపాలి. మొత్తం సేకరణకు నకలు మరోచోట భద్రపరచాలి. అన్నిటికన్నా ముఖ్యంగా అదే గోడను నెల తర్వాత మళ్లీ ఫోటో తీయాలి. అక్కడ తెల్లరంగు తప్ప ఏమీ లేకపోయినా ఆ ఫోటో కూడా సేకరణలో చేరాల్సిందే. ఎప్పుడు, ఏం చెరిపారో చెప్పే సాక్ష్యం అదొక్కటే.