ఎఫ్1 నొక్కితే పలకని సాఫ్ట్‌వేర్

నల్గొండ, మహబూబ్‌నగర్ డీటీపీ సెంటర్లలో లగ్గపత్రికలు, కరపత్రాలు, స్థానిక కవుల పుస్తకాలు ఏండ్ల తరబడి పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, 'అను' అనే తెలుగు ఫాంట్లతోనే తయారయ్యాయి. కొత్త సిస్టమ్ కొన్నాక ఇలాంటి పాత సాఫ్ట్‌వేర్లలో ఎఫ్1 నొక్కితే చాలాసార్లు హెల్ప్ రాదు. "ఫైల్ ఓపెన్ అయితుంది గదా, హెల్ప్ లేకుంటే ఏమైతది?" అని వదిలేస్తారు. నా భయం అక్కడే మొదలవుతుంది.

పాత హెల్ప్ ఫైళ్లలో చాలావరకు హెచ్‌ఎల్‌పీ రకానివి. వాటిని చదివే విన్‌హెల్ప్ ప్రోగ్రామును మైక్రోసాఫ్ట్ విస్టాతోనే విండోస్‌లోంచి తీసేసింది. 8.1 దాకా విడిగా డౌన్‌లోడ్ చేసుకోనిచ్చింది, 10కి అదీ ఇవ్వలేదు. దాంతో కొందరు ఊరూపేరూ లేని సైట్ల నుంచి ఆ ప్రోగ్రామును దించుకుంటున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఈ హెల్ప్ ఫైళ్ల ద్వారా హానికర కోడ్ నడిపించే లోపం బయటపడి, వెబ్‌సైట్ అడిగితే ఎఫ్1 నొక్కవద్దని 2010లో మైక్రోసాఫ్టే ఎక్స్‌పీ వాడకందార్లను హెచ్చరించింది.

తర్వాత వచ్చిన సీహెచ్‌ఎం రకం ఇంకా బతికే ఉంది. ఎడమవైపు విషయసూచిక కనబడి కుడివైపు ఖాళీగా ఉంటే ఫైల్ పాడైందనుకోవద్దు. అది నమ్మకమైన చోటు నుంచి వచ్చిందే అయితే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, రైట్‌క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ కనబడితే టిక్ పెట్టండి. అయినా రాకుంటే ఫోల్డర్ పేరు చూడండి. 'బిల్‌బుక్ #3' లాంటి పేర్లు మన షాపుల్లో మామూలే, ఆ హ్యాష్ గుర్తు ఒక్కటి దారిలో ఉన్నా పేజీ తెరుచుకోదు. ఏదీ కుదరకుంటే ఆ ఫైలును సెవెన్‌జిప్‌తో విప్పండి, లోపలివి చాలావరకు మామూలు వెబ్ పేజీలే.

ఇంత పట్టింపు ఎందుకంటే కీబోర్డ్ లేఅవుట్లు, ఫైలును వేరే రూపంలోకి మార్చే పద్ధతి చాలాసార్లు ఆ హెల్ప్‌లోనే ఉంటాయి. నేర్చిన ఆపరేటర్ హైదరాబాద్ వెళ్లిపోతే చెప్పేవాళ్లుండరు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, తర్వాత పెద్ద వెర్షన్ ఏదీ రాలేదు. దాని ఫైళ్లను అదే పని చేసే ఇన్‌డిజైన్ కూడా 2012 నాటి సీఎస్6 దాకానే తెరిచింది. అను ఫాంట్లలో కొట్టిన 'పాలమూరు' కంప్యూటర్‌కు తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చున్న ముక్కలు. ఫాంట్ లేకుంటే తెర మీద పిచ్చి గుర్తులే మిగులుతాయి. ఫ్లోరైడ్ నీళ్ల మీద, పాలమూరు వలసల మీద అచ్చువేసిన రాతల్లో ఎన్నింటికి ఇక ఆ ఫైలే దిక్కో!

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. షాపుల్లో సిస్టమ్‌లు మారుస్తున్నారు. ఫార్మాట్ కొట్టే ముందు ఫాంట్లు, సీడీలు, హెల్ప్ ఫైళ్లు ఒకచోట దాచండి. ప్రతి ఫైలుకూ పీడీఎఫ్ తీయండి, రాతను కంప్యూటర్ తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లోకి మార్చండి. మార్చిన ప్రతిని ఒత్తులు, పొల్లులు చూస్తూ అచ్చు కాపీతో పోల్చి చదవండి. అది పూర్తయ్యేదాకా పాత హార్డ్‌డిస్క్‌ను అమ్మకండి.