నెత్తురు పారించే బేరం

"అండాశయాలకు రక్తప్రసరణ పెంచుతాం, హార్మోనులు సర్దుకుంటాయి, కడుపు పండుతుంది" అంటూ పొడులూ, కషాయాలూ, పొట్ట మర్దనలూ అమ్మేవారి మీద నాకున్నది చిన్న కోపం కాదు.

రక్తం చాలడం లేదని వీళ్లు ఏ పరీక్షతో తేల్చారు? బృహద్ధమని నుంచి నేరుగా ఒక ధమని, గర్భాశయ ధమని నుంచి మరో శాఖ, ఇలా రెండు దారుల్లో అండాశయానికి రక్తం అందుతుంది. పీసీఓఎస్ ఉన్న స్త్రీలలో డాప్లర్ స్కాను తరచూ చూపేది తగ్గిన ప్రవాహాన్ని కాదు, పెరిగినదాన్ని! ఎక్కువైన చోట ఇంకా పెంచుతామనడం వైద్యమా, వ్యాపారమా? ఐవీఎఫ్ చేయించుకునేవారికి ఆస్పిరిన్ ఇచ్చి కూడా చూశారు. అధ్యయనాలన్నీ కలిపి బేరీజు వేస్తే, కాన్పులు పెరిగిన ఆధారం దొరకలేదు.

కూర్చుని చేసే పని వల్ల రక్తం ఆగిపోతుందట. అదే నిజమైతే మా వేటపాలెంలో తరతరాలుగా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టిన ఇళ్లలో ఉయ్యాల ఊగి ఉండకూడదు. 1918లోనే సారస్వత నికేతనం నెలకొల్పుకున్న ఊరికి ఆధారం అడగడం ఒకరు నేర్పాలా?

వ్యాయామం మంచిదే. పీసీఓఎస్ ఉండి అధిక బరువున్నవారు అందులో 5 నుంచి 10 శాతం తగ్గితే నెలసరి దారిలో పడటం కద్దు. అది ప్రధానంగా ఇన్సులిన్ తీరు మెరుగుపడటం వల్ల. పొట్టకు ఆముదం రాయడం వల్ల కాదు. 2019లో గుంటూరులో డెబ్బై దాటిన స్త్రీ ఐవీఎఫ్‌తో కవలలను కన్న మాట నిజమే. అయితే ఆ అండాలు దాతవి. వయసుతో తరిగిపోయిన అండాలను ఏ ప్రసరణా తిరిగి తేలేదు.

అసలు నా గొడవ వేరు. ఈ బేరమంతా లోపం ఆడదానిదేనన్న ఊహ మీద సాగుతోంది. సంతానలేమిలో దాదాపు సగం సందర్భాల్లో మగవాడి వైపు కారణమూ ఉంటుంది. అయినా "గొడ్రాలు" అన్న మాటకు దీటుగా మగవాడిని పొడిచే మాట మన వాడుకలో ఏది?

రక్తం మాటే ఎత్తాలంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో సగం కంటే ఎక్కువ మందికి రక్తహీనత. ఆ నెత్తురు గురించి అడిగే అమ్మకందారు నాకింతవరకు కనబడలేదు.

ఏడాది ప్రయత్నించినా ఫలించకపోతే, ఆమెకు 35 దాటితే ఆరు నెలలకే, ఇద్దరూ కలిసి వైద్యుల దగ్గరికి వెళ్లండి. వీర్యపరీక్ష, థైరాయిడ్ పరీక్ష మొదటే అడగండి. కషాయాల మీద కరిగిపోయిన రెండేళ్లను తిరిగివ్వడం ఏ వైద్యుడి తరమూ కాదు.